బడ్జెట్ పేజీ ముందు రాయండి

(రక్త క్యాన్సర్ పరిశోధనకు నిధులు కోరడం గురించి హైదరాబాద్‌లో రెసిడెంట్ డాక్టర్లు, పీహెచ్‌డీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలడుగుతారన్న భయం మెడికల్ కాలేజీ వదిలినా పోదేమో. (నవ్వులు)

స్లైడ్లు తెమ్మన్నారు, తేలేదు. ఇంగ్లిష్‌లో మాట్లాడమన్నారు, అదీ వద్దన్నాను. అప్లికేషన్ ఎలాగూ ఇంగ్లిష్‌లోనే రాస్తాం. కానీ దాని వెనక ఆలోచనంతా వార్డులో, క్యాంటీన్లో, బైకు మీద ఇంటికెళ్తూ తెలుగులోనే నడుస్తుంది కదా. ఆ ఆలోచన గురించే నాలుగు మాటలు చెప్పి పోదామని వచ్చాను.

నేను గ్రాంట్లు అడుగుతాను, ఇతరులు అడిగినవి చదివి మార్కులూ వేస్తాను. ప్రపోజల్ చేతికి రాగానే నేను చేసే పని ఒకటి చెప్తా. సారాంశం చదువుతాను, అక్కణ్ణుంచి నేరుగా బడ్జెట్ పేజీకి వెళ్తాను. మధ్యలో ఉన్న హైపోథిసిస్, సాహిత్య సమీక్ష, బాణాలతో గీసిన బొమ్మలు, అవన్నీ తర్వాత. ఎందుకంటే పరిచయం పేజీలో ఎవరైనా గొప్పలు పోవచ్చు. బడ్జెట్‌కి వచ్చేసరికి ఆ మనిషి నిజంగా ఈ పని తలలో ఒకసారి చేసి చూసుకున్నాడా లేదా అన్నది బయటపడిపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: ప్రపోజల్ బడ్జెట్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాసుకు రండి. మీరు చేసేది సాధారణంగా దీనికి తలకిందులు. ఆఖరి రాత్రి, పోర్టల్ మూతపడేముందు, అకౌంట్స్ సెక్షన్ వాళ్లని బతిమాలి ఒక ఎక్సెల్ షీటు తెచ్చి అతికిస్తారు.

దానికి ముందు, ఈ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కొంచెం చూద్దాం. మన రంగంలో ఆ కథ వేరేగా ఉంటుంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఈ గదిలో తెలియనివాళ్లుండరు. 1920ల మొదట్లో ఆయన బోస్టన్ వెళ్లగలిగారంటే కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటివ్వడం వల్ల, మామగారు కూడగట్టిన డబ్బు వల్ల. అక్కడ చేరాక ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేసి పొట్టపోసుకున్నారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. ఫోలిక్ యాసిడ్ మీద ఆయన బృందం చేసిన పని నుంచే దానికి విరుద్ధంగా పనిచేసే మందులు పుట్టాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకిచ్చారు. 1948లో అచ్చయిన ఆ పేపర్లో ఉన్నది 16 మంది పిల్లలు. పది మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. తాత్కాలికంగానే. శీర్షికలోనే 'తాత్కాలిక' అని పెట్టుకున్నారు, అది నాకు చాలా ఇష్టం. ఇవాళ పన్నెండు మంది రోగుల మీద పనిచేసి 'విప్లవాత్మక' అని రాసేవాళ్లని చూస్తున్నాను కాబట్టి. (నవ్వులు)

అదే 1948లో అమెరికాలో ఒక రేడియో కార్యక్రమంలో లింఫోమా అనే మరో రక్త క్యాన్సర్‌తో ఉన్న ఒక కుర్రాడి చేత మాట్లాడించారు. 'జిమ్మీ' అని మారుపేరు పెట్టారు. విన్నవాళ్లు పంపిన డబ్బు రెండు లక్షల డాలర్లు దాటింది. ఫార్బర్ ఆస్పత్రికి అది ఊపిరి పోసింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1944లో, న్యూయార్క్‌లో రాబర్ట్ డివిలియర్స్ అనే పదహారేళ్ల అబ్బాయి లుకేమియాతో పోయాడు. తల్లిదండ్రులు 1949లో వాడి పేర ఒక ఫౌండేషన్ పెట్టారు. అదే లుకేమియా అండ్ లింఫోమా సొసైటీ అయింది, ఈ మధ్యే, 2025లో, బ్లడ్ క్యాన్సర్ యునైటెడ్ అని పేరు మార్చుకుంది. బ్రిటన్‌లోనూ అంతే. 1960లో మిడిల్స్‌బ్రోలో ఆరేళ్ల సూసన్ ఈస్ట్‌వుడ్ చనిపోతే ఆ ఇంటివాళ్లు మొదలుపెట్టిన నిధే ఇవాళ్టి బ్లడ్ క్యాన్సర్ యూకే.

ఇదంతా చరిత్ర పాఠంగా చెప్పడంలేదు. బయటి దేశాల్లో ఇలాంటి సంస్థకు మీరు దరఖాస్తు పెడితే, దాన్ని చదివేవాళ్లలో జబ్బు తగ్గి బతికినవాళ్లు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. సామాన్యులకు అర్థమయ్యేలా ఒక సారాంశం రాయమని ఫారంలో ఒక గడి ఉంటుంది చూశారూ, అది వాళ్ల కోసం. మనవాళ్లు అసలు సారాంశాన్నే కోసి, రెండు కఠినపదాలు తీసేసి అక్కడ పెడతారు. 'క్లోనల్ ఎవల్యూషన్' అన్నది అలాగే మిగిలిపోతుంది. అది మీ అమ్మగారికి ఫోన్లో చదివి వినిపించండి. ఆవిడ 'ఇంతకీ ఏం చేస్తావురా?' అని అడిగారంటే మళ్లీ రాయండి.

మన దేశంలో తలుపులు ఏవేవి? త్వరగా చెప్పేస్తాను, వెబ్‌సైట్లో ఉన్నదాన్ని నేను చదివి వినిపించడం ఎందుకు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్‌లో చిన్న గ్రాంట్లు, మధ్యస్థాయి గ్రాంట్లు ఉన్నాయి. బయోటెక్నాలజీ విభాగం, అంటే డీబీటీ ఉంది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఉంది, పాత నిధుల బోర్డు సెర్బ్ అందులో కలిసిపోయింది. కంపెనీతో కలిసి ఉత్పత్తి దాకా తీసుకెళ్లాలనుకుంటే డీబీటీ కిందే ఉన్న బైరాక్ ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి చేసిన, రోగి కణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ చికిత్స నెక్స్‌కార్19 వెనక బైరాక్ తోడ్పాటు ఉంది. దానికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఇక డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడిపే ఇండియా అలయన్స్. 2008లో మొదలైంది, ఆఫీసు మన హైదరాబాద్‌లోనే. 2025 అక్టోబరులో ఈ కార్యక్రమం మూడో దశకి కేంద్ర కేబినెట్ 1,500 కోట్లు ఆమోదించింది. డాక్టర్లకు విడిగా ఫెలోషిప్పులు ఉన్నాయి. బయట నుంచి అయితే అమెరికన్ సొసైటీ ఆఫ్ హెమటాలజీ వాళ్లది గ్లోబల్ రీసెర్చ్ అవార్డు అని ఒకటుంది, అమెరికా, కెనడాల బయట పనిచేసే యువ హెమటాలజిస్టుల కోసమే పెట్టారు. తలుపుల లెక్క అంతే. ఏ తలుపు తట్టాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్న దగ్గరికి వద్దాం.

నా దగ్గరకొచ్చే ప్రపోజల్స్‌లో చాలావాటి ప్రశ్న అప్పు తెచ్చుకున్నది. బోస్టన్‌లోనో హూస్టన్‌లోనో ఎవరో ఒక జీన్ చూశారు, 'భారతీయ రోగుల్లో ఇది అధ్యయనం చేయలేదు, కాబట్టి మేం చేస్తాం' అంటారు. చేయకపోవడం ఒక కారణం కాదండీ. మన రోగుల్లో చూస్తే ఏం తేలుతుంది, తేలితే ఎవరి చికిత్స ఏం మారుతుంది?

వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ల పని చూడండి. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా, ఏపీఎల్. వచ్చిన వారంలోనే రక్తస్రావంతో మనిషిని తీసుకుపోగల జబ్బు, ఆ గండం దాటితే నయమయ్యే జబ్బు కూడా. దీనికి మందులుగా రెటినాయిక్ యాసిడ్ చైనాలోని షాంఘై నుంచి, ఆర్సెనిక్ అక్కడి హార్బిన్ నుంచి వచ్చాయి. పశ్చిమ దేశాల్లో రెటినాయిక్ యాసిడ్‌తో పాటు కీమో ఇచ్చేవారు. మన దగ్గర ఆ కీమో తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లు, ప్లేట్‌లెట్లు, ఐసోలేషన్ గది, ఆ ఖర్చు భరించేదెవరు? అందుకని వెల్లూరువాళ్లు వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంది: కొత్తగా జబ్బు తేలిన రోగికి ఆర్సెనిక్ ఒక్కటే ఇస్తే సరిపోతుందా? 1998 నుంచి 2004 దాకా 72 మందికి ఇచ్చారు. 86 శాతం మందిలో జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చింది. 2006లో 'బ్లడ్' పత్రికలో వేశారు. తర్వాత 2013లో ఇటలీ, జర్మనీ వాళ్లు రెటినాయిక్ యాసిడ్, ఆర్సెనిక్ రెండూ కలిపి, కీమో లేకుండా, రిస్కు తక్కువున్నవాళ్లకి ఇచ్చి చూపించాక అదే ప్రామాణిక చికిత్స అయింది. ఆర్సెనిక్‌ని మొదటి వరస మందుగా వాడొచ్చన్న ధైర్యం వచ్చినచోట్లలో మన వెల్లూరు ఒకటి. ఆ ప్రశ్న పుట్టింది పేదరికంలో. కానీ దాని జవాబు డబ్బున్న దేశాలకీ పనికొచ్చింది.

ఇంకొకటి. సీఎంఎల్ అనే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌కి వేసే మాత్ర ఇమాటినిబ్ కథ మీకు తెలుసు. 1960లో ఆ జబ్బు కణాల్లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ కనిపించడం, 1973లో జానెట్ రౌలీ అది తొమ్మిది, ఇరవైరెండు క్రోమోజోముల మధ్య మార్పిడి అని చూపడం, 1998లో బ్రయాన్ డ్రుకర్ మొదటి ట్రయల్, 2001లో అనుమతి. డ్రుకర్ పనికి లుకేమియా సొసైటీ డబ్బు కూడా ఉంది. ఆ తర్వాత మన హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లో దాని జెనెరిక్ తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ పేటెంటు అప్పీలు కొట్టేసింది. ఈ రోజు సీఎంఎల్ రోగి మాత్ర వేసుకుంటూ ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, కూతురి పెళ్లి చేసి, మన ఓపీకి వచ్చి ఏమడుగుతున్నాడు? 'మాత్ర ఇంక ఆపేయొచ్చా సార్?'

ఫ్రాన్స్‌లో స్టిమ్ అని ఒక ట్రయల్ చేశారు. రెండేళ్లపాటు పీసీఆర్ అనే జన్యు పరీక్షలో జబ్బు ఆనవాలే లేనివాళ్లు 100 మందిలో మాత్ర ఆపితే, ఏడాది తర్వాత సుమారు 40 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. 2010లో వచ్చింది. బాగుంది. మన దగ్గర ఇదే చేద్దాం అని ఒక ప్రపోజల్ రాశారనుకోండి. పరిచయం అద్భుతంగా రాస్తారు. నేను బడ్జెట్ తిప్పుతాను. మాత్ర ఆపాక మొదటి ఏడాది నెలనెలా పీసీఆర్ చేయాలి. రోగికి పన్నెండు టెస్టులు. ఆ పన్నెండు బడ్జెట్‌లో ఉన్నాయా? మూడు నెలలకోసారి అని నాలుగే వేశారా? నాలుగే వేస్తే, తిరిగి వచ్చిన జబ్బుని ఆలస్యంగా పట్టుకుంటారు. అది సైన్సు లోపం మాత్రమే కాదు, రోగి భద్రత ప్రశ్న కూడా. శ్రీకాకుళం నుంచి నెలనెలా ఎవరొస్తారు, శాంపిల్ అక్కడే తీసి పంపితే ఆర్ఎన్ఏ పాడవకుండా ఎంతసేపట్లో ల్యాబ్‌కి చేరాలి, కొరియర్ ఖర్చెంత? చూశారా, బడ్జెట్ పేజీలో ఒక్క గడి నింపబోతే ట్రయల్ డిజైన్ మొత్తం బయటికొచ్చింది. బడ్జెట్ ముందు రాయమంటున్నది ఇందుకే.

ఇక లోపలికి వెళ్దాం. ఇది కొంచెం సాగుతుంది, ఓపిక పట్టండి.

ఉదాహరణకి ఒక ప్రాజెక్టు తీసుకుందాం. పిల్లల్లో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఇండక్షన్ అనే మొదటి దశ చికిత్స చివర ఎంఆర్‌డీ చూసి, అంటే మైక్రోస్కోపుకి కనపడకుండా మిగిలిన జబ్బుని, కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీతో కొలిచి, దాన్ని బట్టి చికిత్స ఉధృతి పెంచడమా తగ్గించడమా అన్నది. ప్రభుత్వ ఆస్పత్రిలో.

మొదటి గడి, రోగుల సంఖ్య. 'మా ఆస్పత్రికి ఏడాదికి 100 మంది కొత్త పిల్లలు వస్తారు, మూడేళ్లలో 300 మందిని చేర్చుకుంటాం' అని రాస్తారు. రారండీ. వంద మంది వచ్చారనుకోండి. ఒక పదిహేను మంది అప్పటికే ఎక్కడో కీళ్లనొప్పులకనో జ్వరానికనో స్టెరాయిడ్ తీసుకుని వస్తారు. ఆ మందుకే లుకేమియా కణాలు కొంత తగ్గిపోతాయి కాబట్టి వాళ్ల మొదటి శాంపిల్‌ని నమ్మలేం. పది మందిలో ఎముక మజ్జ రాదు, లేదా ట్యూబులో గడ్డకడుతుంది, లేదా ఆదివారం రాత్రి అడ్మిట్ అయితే తీసేవాళ్లుండరు. పది మంది తల్లిదండ్రులు ఒప్పుకోరు. మిగిలింది అరవై అయిదు. ఇండక్షన్ ముగిసేలోపు ఇన్ఫెక్షన్‌తో పోయేవాళ్లు, చికిత్స మధ్యలో ఊరెళ్లిపోయి తిరిగి రానివాళ్లు మరో పది మంది. చివరికి మీ చేతిలో జత శాంపిళ్లున్నది యాభై అయిదు మందికి. ఈ అంకెలు లెక్క చూపించడానికి వేసినవే. మీ అసలు అంకెలు మీ వార్డు రిజిస్టర్లో ఉన్నాయి. గత రెండేళ్లది తీసి లెక్కపెట్టి, ఆ పట్టిక ప్రపోజల్‌లో పెట్టండి. ప్రాథమిక సమాచారం అంటే జెల్ ఫొటోలే కానక్కర్లేదు. ఇంత శాతం మంది చేయి జారిపోతారు అని ముందే ఒప్పుకున్నవాడిని రివ్యూయర్ నమ్ముతాడు. అందరూ వస్తారు అన్నవాడిని నమ్మడు.

రెండో గడి, కన్స్యూమబుల్స్, అంటే వాడితే అయిపోయే సరుకు. యాంటీబాడీలు. కణాల మీది గుర్తుల్ని పట్టేవి: సీడీ19, సీడీ10, సీడీ34, సీడీ45, సీడీ20, సీడీ38, ఇలా. పది వేల కణాల్లో ఒక్క జబ్బు కణం పట్టాలంటే ఎన్ని కణాలు మెషిన్లో పోవాలి? 5 లక్షలు పోనిస్తే అందులో మీకు దొరికేవి యాభై. యాభై ఉంటే ఒక గుంపుగా కనిపిస్తాయి, నమ్మకంగా చెప్పొచ్చు. 50 వేలే పోనిస్తే అయిదు. అయిదు కణాలు చూసి ఓ పిల్లాడికి కీమో పెంచుతారా? కాబట్టి ఒక్కో ట్యూబులో ఎన్ని కణాలు, దానికెంత యాంటీబాడీ, ఒక వయల్ ఎన్ని టెస్టులకొస్తుంది, కంట్రోళ్లకి ఎన్ని పోతాయి, పాడైన శాంపిల్‌కి మళ్లీ చేయాల్సివస్తే ఎన్ని, ఇవన్నీ గుణించి వచ్చిన అంకె వేయాలి. 'యాంటీబాడీలు, రియేజెంట్లు: 10 లక్షలు' అని గుండ్రంగా వేశారంటే మీరు లెక్క వేయలేదని నాకు అర్థమవుతుంది. గుండ్రటి అంకె చూస్తే నాకు అనుమానం.

ఇక్కడే ఒక పక్క మాట. మజ్జ తీసేటప్పుడు మొదటి లాగుడులో వచ్చేదే చిక్కటిది. తర్వాత లాగేకొద్దీ రక్తం కలుస్తుంది, ఎంఆర్‌డీ విలువ తక్కువ చూపిస్తుంది. స్లైడు చూసే పాథాలజిస్టుకీ మొదటిదే కావాలి, మీకూ మొదటిదే కావాలి. మీ ఆస్పత్రిలో ఆ మొదటి సిరంజి ఎవరికి దక్కుతుంది? ఇది ప్రోటోకాల్‌లో ఒక వాక్యం రాసి, పాథాలజీ విభాగం చేత సంతకం పెట్టించి జతచేయండి. ఆ ఒక్క కాగితం చూస్తే, ఈ మనిషి మజ్జ తీసే గదిలో నిలబడ్డాడు అని తెలుస్తుంది. పది పేజీల పరిచయం చేయలేని పని అది చేస్తుంది.

మూడో గడి, మనుషులు. అందరూ ఒక రీసెర్చ్ ఫెలోని అడుగుతారు. నేనైతే మొదట ఒక ప్రాజెక్ట్ నర్సుని అడుగుతాను. రక్త క్యాన్సర్‌లో ప్రాజెక్టు చెడేది ఎక్కువగా ల్యాబ్‌లో కాదు, ఫాలోఅప్‌లో. పిల్లాడి తండ్రి ఫోన్ నంబరు మారింది, ఆదిలాబాద్ నుంచి బస్సు చార్జీలకి లేవు, పొలం పనులొచ్చాయి. ఫోన్ చేసి, తెలిసిన పేరుతో పలకరించి, 'ఈ మంగళవారం రండి, నేనుంటాను' అనే మనిషి జీతం బడ్జెట్‌లో లేకపోతే మీ రెండో శాంపిల్ లేదు. అలాగే రోగి రానుపోను చార్జీలు. అది లంచం కాదు, ఐసీఎంఆర్ నైతిక మార్గదర్శకాలు ఒప్పుకునే ఖర్చే. పరిశోధన కోసం అదనంగా చేసే టెస్టుని మాత్రం రోగి జేబు మీదో ఆరోగ్యశ్రీ మీదో వేయకూడదు. ఏ టెస్టు మామూలు చికిత్సలో భాగం, ఏది పరిశోధన కోసం, రెండు రంగుల్లో ఒక పట్టిక వేసి పెట్టండి. ఎథిక్స్ కమిటీవాళ్లు అడిగేది కూడా అదే.

నాలుగోది పరికరాలు. ఫ్లో సైటోమీటర్ కొనిపెట్టమని అడక్కండి. ఊళ్లో ఉన్నవాటిలో దేంట్లో టైము దొరుకుతుందో చూసి, వాళ్ల ఒప్పంద పత్రం జతచేయండి. కణాల్ని బతికుండగా దాచాలంటే మాత్రం లిక్విడ్ నైట్రోజన్ కావాలి, దానికి నెలనెలా నింపే ఖర్చు. మైనస్ 80 ఫ్రీజర్ అయితే కరెంటు పోయినప్పుడు ఏమిటి, ఏఎంసీ, అంటే ఏటా మరమ్మతు ఒప్పందం డబ్బు, ఎవరు కడతారు? ఫ్రీజర్ కొనడానికి డబ్బు దొరికి, మూడో ఏట మెయింటెనెన్స్‌కి దొరక్క, లోపలున్న శాంపిళ్లన్నీ కరిగిపోయిన చోటు నాకు తెలుసు. పేరు చెప్పను. (నవ్వులు)

ఇక కాలం. ప్రభుత్వ డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చు చూపిస్తూ ప్రభుత్వ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఎ ఫారంలో వినియోగ పత్రం ఇస్తేగాని రెండోది కదలదు. డబ్బు జనవరిలో వస్తే మార్చి 31కి లెక్క చూపాలి, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో టెండరు పిలిచి యాంటీబాడీ తెప్పించుకునేసరికి ఏ మే నెలో, అదీ ఎక్స్‌పైరీకి మూడు నెలల దూరంలో. కాబట్టి పనుల పట్టికలో మొదటి ఆరునెలలు రోగుల్ని చేర్చుకుంటాం అని రాయకండి. నియామకాలు, కొనుగోళ్లు, ప్యానెల్ సరిచూసుకోవడం అని రాయండి. నిజం రాస్తే తక్కువగా కనిపిస్తామేమో అని భయపడతారు. కమిటీలో కూర్చున్నవాళ్లందరూ అదే జెమ్‌లో కొన్నవాళ్లేనండీ.

అనుమతులు రెండు మాటల్లో. ఎథిక్స్ కమిటీ. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకునేముందే దేశ ట్రయల్ రిజిస్టరు సీటీఆర్ఐలో నమోదు. విదేశీ భాగస్వామి ఉంటే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ. విదేశీ విరాళంగా డబ్బొస్తే విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ, దానికి ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా. పిల్లల మీద పరిశోధన కాబట్టి తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల నోటి మాట, పన్నెండు నుంచి పద్దెనిమిది వాళ్ల రాతపూర్వక అంగీకారం. వీటికి పట్టే నెలల్నీ పట్టికలో వేసుకోండి.

ఇవన్నీ కుదిరాక, అప్పుడు వెనక్కి వెళ్లి మొదటి పేజీ రాయండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కి రాసేవాళ్లకి లక్ష్యాల పేజీ అని ఒకే ఒక్క పేజీ ఉంటుంది. ఎన్ఐహెచ్ అడగకపోయినా మీరందరూ ఆ ఒక్క పేజీ రాసుకోండి. జబ్బేమిటి, తెలియనిదేమిటి, మేం కొలిచేదేమిటి, కొలిస్తే ఎవరి చికిత్స మారుతుంది. రెండో లక్ష్యం మొదటిదాని ఫలితం మీద నిలబడకుండా చూసుకోండి. 'మొదటి లక్ష్యంలో దొరికిన జీన్‌ని రెండో లక్ష్యంలో ఎలుకల్లో పరీక్షిస్తాం' అన్నారనుకోండి, జీన్ దొరక్కపోతే? రెండేళ్ల జీతాలు, ఎలుకల ఖర్చు దేనికి? ఇది కూడా బడ్జెట్ చూస్తూ రాస్తే మీకే కనిపిస్తుంది.

తిరిగి వచ్చిన ప్రపోజల్ గురించి ఒకే మాట. రివ్యూయర్ తప్పుగా అర్థం చేసుకున్నాడు అని తిట్టుకుంటాం. కొన్నిసార్లు నిజమే, వాడు సరిగ్గా చదవడు. రాత్రి పదకొండింటికి చదువుతాడు, పన్నెండోది చదువుతున్నాడు. అయినా వాడికి అర్థం కాని వాక్యం మీరే మార్చాలి, ఎందుకంటే వాడిని మార్చలేం. (నవ్వులు)

ఇంక ప్రశ్నలడగండి.

ప్రశ్న (ఒక పీజీ విద్యార్థిని): సార్, నేను ప్రైవేటు ఆస్పత్రిలో డీఎన్‌బీ చేస్తున్నాను. మాకు ఐసీఎంఆర్ ఇస్తుందా?

ఇస్తుందమ్మా. మీ సంస్థకి కేంద్ర పరిశోధన విభాగం డీఎస్ఐఆర్ గుర్తింపు ఉందేమో ముందు కనుక్కో. శాస్త్రీయ పరిశోధన సంస్థగా గుర్తింపు ఉండాలి. లేకపోతే ఉన్న సంస్థతో కలిసి, వాళ్లని ప్రధాన కేంద్రంగా పెట్టి, మీరు సహ పరిశోధకులుగా వెళ్లండి. రోగులు మీ దగ్గర ఎక్కువుంటారు, ఫ్రీజర్లు వాళ్ల దగ్గర ఎక్కువుంటాయి. ఎవరి శాంపిళ్లు ఎవరివి, పేపర్లో పేర్ల వరస ఏమిటి అన్నది మాత్రం మొదటి రోజే కాగితం మీద పెట్టుకో.

ప్రశ్న (వెనక వరస నుంచి): ఏఐతో ప్రపోజల్ రాయించుకుంటే తప్పా సార్?

(నవ్వులు) అందరూ తల దించుకున్నారు, చూశారా. ఇంగ్లిష్ సరిచేయించుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎన్ఐహెచ్ 2025లో ఒక నిబంధన పెట్టింది, ఎక్కువ భాగం ఏఐ రాసిన దరఖాస్తుల్ని స్వీకరించం అని. ఒక్కొక్కరు ఏడాదికి ఆరు దరఖాస్తులకు మించి పెట్టకూడదనీ అన్నారు. అంటే వరదలా వచ్చిపడ్డాయన్నమాట. నా అనుభవంలో పరిచయం పేజీ అది బాగానే రాస్తుంది. మీ వార్డులో ఆదివారం రాత్రి మజ్జ ఎవరు తీస్తారో దానికి తెలియదు.

ప్రశ్న (ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్): సార్, మాది జిల్లా మెడికల్ కాలేజీ. ఫ్లో లేదు, పీసీఆర్ లేదు. లుకేమియా అనుమానం వస్తే హైదరాబాద్‌కో విశాఖకో పంపేస్తాం. మాలాంటివాళ్లం ఏం అడగగలం?

మీరు అడగగలిగింది ఇక్కడున్న ఎవరూ అడగలేరు డాక్టర్ గారూ. పిల్లాడికి మొదటిసారి జ్వరం వచ్చిన రోజుకీ, మీ దగ్గర రక్తపు స్మియర్‌లో బ్లాస్టులు, అంటే పక్వం కాని తెల్లకణాలు, కనిపించిన రోజుకీ మధ్య ఎన్నాళ్లు? ఆ మధ్యలో ఎంతమంది స్టెరాయిడ్ ఇచ్చారు? మీరు పంపినవాళ్లలో పెద్దాస్పత్రికి చేరినవాళ్లెందరు? ఎంఎన్‌జేలోనో నిమ్స్‌లోనో విశాఖ హోమీభాభాలోనో కూర్చున్నవాళ్లకి చేరినవాళ్లే కనిపిస్తారు. చేరనివాళ్లు మీ రిజిస్టర్లోనే ఉన్నారు. ఒక మైక్రోస్కోపు, ఒక ఫోన్ సిమ్, ఒక మనిషి జీతం, జీపు డీజిలు, ఇదే బడ్జెట్. చిన్న గ్రాంటుకి సరిగ్గా సరిపోతుంది. పీహెచ్‌సీ డాక్టర్లకి 'కారణం తెలియని కీళ్లనొప్పికి సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, చూడకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దు' అని శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా లెక్క చూపించగలిగితే అది ఇంకో ప్రపోజల్.

ఒక పని చేయండి. గత రెండేళ్లలో మీ ల్యాబ్ రిజిస్టర్లో బ్లాస్టులు అని రాసిన ప్రతి ఎంట్రీ ఒక షీటులో ఎక్కించండి, పేర్లు తీసేసి, వయసు, మండలం, తేదీ ఉంచండి. దానికీ ఎథిక్స్ అనుమతి కావాలి, కాబట్టి మీ కాలేజీ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో రేపే అడగండి. టీకి బయటికి వెళ్లినప్పుడు నా నంబరు తీసుకోండి. షీటు పంపాక బడ్జెట్ మనిద్దరం కలిసి వేద్దాం.